నాలుగు రకాల గుడ్డలు, ఇంకా పుట్టని బిడ్డ

కర్నూలు నుంచి ఒక పాఠకురాలు పెద్ద జాబు రాశారు. పేరు వద్దన్నారు, ఊళ్ల పేర్లు ఉంచినా ఫర్వాలేదన్నారు. సారాంశం ఇది.

ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. ఎనిమిదో నెల నడుస్తోంది. మే నెల రెండో వారంలో కాన్పు అని డాక్టరమ్మ చెప్పారు. పుట్టిల్లు ఎమ్మిగనూరు, అత్తగారిల్లు అనంతపురం, భర్త ఉద్యోగం బెంగళూరులో. కాన్పు కర్నూలు ఆసుపత్రిలో. అక్కణ్నుంచి బిడ్డతో ఎమ్మిగనూరుకు వెళ్లాలి, కారులో గంటన్నర దారి. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చేటప్పుడు బిడ్డకు ఏం వేయాలన్నదాని మీద రెండిళ్లలోనూ ఇప్పటికే రగులుతోంది.

అత్తగారు ధర్మవరంలో పట్టు తీయించి రెండు జతలు కుట్టించారు. ఆడపిల్లయితే జరీ అంచు పావడ, జాకెట్టు. మగపిల్లాడయితే పంచె, లాల్చీ. "మా కొడుక్కు తొలి బిడ్డ. పట్టుగుడ్డల్లోనే ఇంటి గడప తొక్కాల" అన్నది ఆమె మాట. హైదరాబాదులో ఉండే వదిన, అంటే భర్త అక్క, ఆన్‌లైన్లో ఒక సెట్టు పంపారు. దూదిలాంటి మందపు గుడ్డతో ఒళ్లంతా కప్పే సూటు, చెవులున్న టోపీ, తలకు పట్టీ, చేతులకు తొడుగులు. ఫొటోలు బాగా వస్తాయట. అమ్మది ఇంకో దారి. పుట్టకముందు బిడ్డకు ఏదీ కొనకూడదు, పదకొండో రోజు పురుడు అయ్యేదాకా కొత్తగుడ్డ ఒంటికి తగలకూడదు. చనిపోయిన అవ్వ నూలుచీరలు బీరువాలో కలరా ఉండలు వేసి దాచింది. వాటినే చింపి పొత్తిగుడ్డలు చేస్తానంటోంది.

ఇక నాలుగోది ఎవరికీ తెలియదు. రెండేళ్ల కిందట ఈమెకు మూడో నెలలో గర్భం పోయింది. అప్పటికే ఆశపడి ఒక జత చిన్న మేజోళ్లు కొనిపెట్టుకున్నారు. తర్వాత వెతికితే కనిపించలేదు. అమ్మ తీసేసిందని తెలుసు, అడగలేదు. ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు ఒక తెల్ల నూలు జుబ్బా, చిన్న పసుపు పూలున్నది, కొనుక్కుని హ్యాండ్‌బ్యాగులో దాచుకున్నారు. "నా బిడ్డకు మొదట నేను కొన్నది వేయాలని ఉంది. ఇది స్వార్థమా? అమ్మ అన్నట్టు నిజంగానే ఏమన్నా అవుతుందేమోనని రాత్రుళ్లు నిద్ర పట్టదు. ఎవర్నీ నొప్పించకుండా ఏం చేయాల?" అని అడిగారు. భర్తకు చెబితే "మీ ఆడోళ్లు మీరు మీరు తేల్చుకోండి" అన్నారట. నాన్న గురించి ఒకటే వాక్యం: "ఆయన మగ్గం మానేసి చాన్నాళ్లయింది, అప్పట్లో నేసిన తుండుగుడ్డలు ఇంటినిండా వాడుతుంటాం, ఈ గొడవల్లో మాట్లాడడు."

అమ్మా,

మీ రెండు ప్రశ్నలకు ముందు సూటిగా జవాబు చెబుతాను. స్వార్థం కాదు. గుడ్డలు కొన్నందువల్ల బిడ్డకు ఏమీ కాదు. మూడో నెలలోపు పోయే గర్భాల్లో ఎక్కువ శాతం పిండం క్రోమోజోముల్లో వచ్చిన తేడా వల్లే పోతాయి. మీరు కొన్న మేజోళ్లకు దాంతో సంబంధం లేదు. మీరు మెట్లెక్కినందుకో, బొప్పాయి తిన్నందుకో, ఆశపడినందుకో జరిగింది కాదు. ఈ మాట నేను రాస్తే మీ నిద్ర తిరిగి రాదని తెలుసు. వచ్చే చెకప్‌కు అమ్మను కూడా లోపలికి తీసుకెళ్లి, ఆమె ఎదుటే డాక్టరమ్మను అడగండి. మీ ఇద్దరికీ ఉన్నది ఒకే భయం. అమ్మ దాన్ని నియమంగా మార్చుకుంది, మీరు హ్యాండ్‌బ్యాగులో దాచుకున్నారు.

ఇప్పుడు గుడ్డల సంగతి. మే నెలలో కర్నూలు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పగలు నలభై దాటుతుంది, రాత్రి పదింటికి కూడా గోడలు చెయ్యి ఆన్చనివ్వవు. పుట్టిన బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. దాన్ని నిలబెట్టుకునే శక్తి వాళ్లకు ఇంకా చాలదు. గాలి తగిలితే తొందరగా చల్లబడతారు, మందంగా చుడితే అంతే తొందరగా కాగిపోతారు. పెద్దవాళ్లు వేసుకున్నదానికంటే బిడ్డకు ఒక పొర ఎక్కువ వేయమని డాక్టర్లు చెప్పేది చల్లటి చోట. మనకే ఒంటి మీద చీర బరువయ్యే ఎండలో బిడ్డకు పలుచటి నూలు జుబ్బా ఒకటి, లంగోటీ ఒకటి, పైన కప్పను ఇంకో పలుచటి గుడ్డ ఉంటే సరిపోతుంది.

పెద్దవాళ్లు బిడ్డ పాదాలు పట్టుకుని చూసి "అయ్యో, మంచులా ఉన్నాయే" అని ఇంకో బొంత చుడతారు. మొదటి రోజుల్లో చేతులు, పాదాలు కాస్త చల్లగా, నీలంగా ఉండటం మామూలే. చూడాల్సింది ఛాతీ మీద, మెడ వెనక. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే బిడ్డ హాయిగా ఉన్నట్టు. మెడ వెనక చెమట, ముఖం ఎర్రబడటం కనిపిస్తే ఒక పొర తీసేయండి. పొట్ట కూడా చల్లగా ఉంటే గుడ్డలు పెంచే ముందు మీ గుండెకు ఆనించుకుని, ఇద్దరినీ కలిపి కప్పించుకోండి. దానంత తొందరగా ఏ బొంతా వెచ్చబెట్టదు.

ఈ లెక్కన మీ వదిన పంపిన సూటు మే నెలకు కాదు. అది సిమ్లాలో పుట్టే బిడ్డకు బాగుంటుంది. తల నుంచి బిడ్డ ఒంటి వేడి బాగా బయటికి పోతుంది, వేడి కారులో దాన్ని చెవుల టోపీతో మూసేస్తే ఆ దారి కూడా లేకుండా పోతుంది. తలపట్టీ నిద్రలో జారి ముక్కు మీదికి వస్తుంది. చేతి తొడుగుల లోపల ఊడిన దారప్పోగు చిటికెన వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. పిల్లల డాక్టర్లు ఇలాంటివి చూస్తూనే ఉంటారు. వదినకు మాత్రం ఇన్ని చెప్పకండి. "డిసెంబరుకు సైజు సరిపోతుందో లేదో చూసి వేస్తాను వదినా" అంటే చాలు. ఏ నెలలో వేశారన్నదాని మీద ఆమెకు పంతం ఉండదు, ఆమెకు కావాల్సింది ఫొటో.

అత్తగారి పట్టు వేరే సంగతి. అది ఫొటో కోసం కాదు, ఇంటి పరువు కోసం. ధర్మవరం పట్టుకు ఉన్న భౌగోళిక గుర్తింపులో చీరలతోపాటు పావడల పేరు కూడా చేర్చారు, కాబట్టి ఆమె ఎంపికకు వంక పెట్టలేం. పైగా 1994 చట్టం ప్రకారం పుట్టేది ఎవరో ముందు తెలుసుకోకూడదు గనుక రెండు జతలూ కుట్టించిన మనిషి. ఒక జత ఎటూ బీరువాకే పోతుందని తెలిసీ డబ్బు పెట్టారు. ఆ ఆశను చిన్నచూపు చూడకండి. కానీ జరీ అంచు పుట్టిన బిడ్డ చర్మానికి రాసుకుంటుంది. బొడ్డు ఎండి ఊడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా నడుముకు బిగించి కట్టే పావడ, పంచె ఏదీ మంచిది కాదు. లంగోటీ కూడా బొడ్డు కిందికి మడవాలి. ఇంకొకటి అత్తగారికి మీరు చెప్పలేరు, ఆమెకే గుర్తు రావాలి: మొదటి రెండు మూడు రోజులు బిడ్డకు నల్లగా, జిగటగా విరేచనం అవుతుంది. కర్నూలు నుంచి ఎమ్మిగనూరు చేరేలోపు ఆ పట్టు గతి ఏమవుతుందో ముగ్గురు పిల్లల్ని పెంచిన ఏ తల్లయినా చెప్పగలదు.

మీకు ఇక్కడ మూడు దారులున్నాయి. పట్టు వద్దని తెగేసి చెప్పడం ఒకటి. బిడ్డకు మేలే, కానీ "నేను కుట్టించిన గుడ్డ తాకనివ్వలేదు" అన్న మాట ఆ బిడ్డ పెళ్లిదాకా వినిపిస్తుంది. సరేనని దారి పొడవునా వేయడం రెండోది. గొడవ ఉండదు, బిడ్డ ఏడుస్తుంది, పక్కనున్న బాలింత కూడా కళ్లు తుడుచుకుంటుంది. మూడోది, ఆ పట్టుకు వేరే రోజు ఇవ్వడం. గడప దగ్గర ఎర్రనీళ్లు తిప్పి హారతి ఇచ్చే ఆ నాలుగు నిమిషాలు పట్టును అత్తగారి ఒడిలో పరిచి, దాని మీద నూలుగుడ్డ, దాని మీద బిడ్డ. అంతే, ఫొటో కూడా వస్తుంది. ఒంటికి వేయడం అన్నప్రాసనకు. మేలో పుట్టిన బిడ్డకు ఆరో నెల నవంబరులో వస్తుంది, ఎండ ఉండదు, బిడ్డ ఒడిలో కూర్చుంటుంది. దర్జీ కుట్టులోపల గుడ్డ వదిలాడో లేదో అడిగి, విప్పించి పెద్దది చేయించమని ఇప్పుడే అత్తగారికి ఆ పని అప్పగించవచ్చు. ఈ దారిలో చిక్కు ఒకటే, పురుడు నాటికి ఎవరో ఒక బంధువు "పట్టు ఏదీ?" అని అడుగుతారు. దానికి జవాబు అత్తగారే చెప్పేలా ఉండాలి.

మీ అమ్మ పద్ధతి దగ్గరికి వద్దాం. పాత నూలుగుడ్డ మొదట వేయాలన్న పెద్దల మాట డాక్టర్లకూ సమ్మతమే. కొత్తగుడ్డకు మిల్లులో పట్టించిన గంజి, రంగు, మందులు ఉంటాయి, ఉతకకుండా బిడ్డకు వేయొద్దనే చెబుతారు. పుట్టిన తర్వాతే కొనాలంటే అప్పటికప్పుడు కొట్టు నుంచి తెచ్చిన గుడ్డను ఉతికి ఆరేసే తీరిక ఉండదు. పదేపదే ఉతికి మెత్తబడిన గుడ్డ ఇంట్లో ఉన్నప్పుడు అదే మేలు. పసికందులు ఎక్కువగా చనిపోయే కాలంలో, పురుడు దాటితే గానీ బిడ్డ మనదని ధైర్యంగా అనుకోలేని ఇళ్లల్లో పుట్టిన నియమం ఇది. ఒక మనవడినో మనవరాలినో అప్పటికే పోగొట్టుకున్న అమ్మ దాన్ని గట్టిగా పట్టుకోవడంలో వింత ఏముంది? "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం" అని మనల్ని వెక్కిరించేది కూడా ఈ భయమే. మీకు ఆలూ ఉంది, చూలూ ఉంది. అయినా అమ్మకు ధైర్యం చాలడం లేదు.

కానీ మీ అమ్మతో ఒక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దు. అవ్వ చీరలు కలరా ఉండల మధ్య ఉన్నాయన్నారు. ఆ ఉండల్లో సాధారణంగా ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలు కొందరు ఉంటారు, మగపిల్లల్లో ఎక్కువ. పుట్టినప్పుడు వాళ్లు చూడను మామూలుగానే ఉంటారు. ఆ వాసన పట్టిన గుడ్డ చుడితే, ఆవిరి ఊపిరితోనూ చర్మం గుండానూ లోపలికి పోయి ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి. పచ్చకామెర్లు ఒక్కసారిగా పెరుగుతాయి, మరీ ఎక్కువైతే మెదడుకే ముప్పు. ఒంటికి నూనె రాసి ఉంటే ఇంకా సులువుగా ఎక్కుతుంది. ఒక ఉతుకుకు, ఒక పూట ఎండకు ఆ వాసన పోదు. అవ్వ చీర కావాలనుకుంటే ఇంకో ఏడాదికి మీరు కట్టుకోవచ్చు, పసిగుడ్డుకు మాత్రం వద్దు. అత్తగారి పట్టు కూడా బీరువాలోనే ఉంటే అదే మాట, ఆ ఉండలు ఇవాళే తీసేయమనండి.

మరి పాతగుడ్డ ఎక్కడిది? మీ జాబులోనే ఉంది. నాన్న నేసిన తుండుగుడ్డలు. రోజూ వాడి, రోజూ ఉతికే గుడ్డలకు కలరా ఉండల బెడద లేదు. మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊళ్లో పుట్టి, బిడ్డకు మెత్తటి నూలుగుడ్డ దొరక్క బెంగపడటమేమిటి చెప్పండి. మెత్తబడినవి నాలుగు ఏరి, వేడినీళ్లలో సబ్బుతో ఉతికి, బాగా జాడించి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి ఒక సంచిలో కట్టమని నాన్నకే చెప్పండి. అమ్మ నియమం నిలుస్తుంది. పుట్టకముందు కొన్నది ఏదీ లేదు, పాతది, ఇంటిది. మాట్లాడని మనిషికి చేయడానికి పని ఉంటుంది, ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా, కానీ అడిగి చూడండి.

ఇంక మీ జుబ్బా. దీని గురించే మీరు అంత పొడుగు జాబు రాశారని నాకనిపిస్తోంది.

ఎవరికీ చెప్పకుండా, డిశ్చార్జి రోజు బ్యాగులోంచి తీసి వేసేయవచ్చు. కోరిక తీరుతుంది. కాకపోతే అది ఇంకా ఉతకలేదు, అందరి ముందూ అమ్మ మొహం మాడుతుంది, ఆ రోజు మీకు తోడు కావాల్సిన మనిషే మీ మీద అలిగి కూర్చుంటుంది. పురుడు రోజుదాకా ఆగి, పదకొండో రోజు అందరికంటే ముందు మీ జుబ్బా వేయించవచ్చు. ఎవరికీ బాధ లేదు. "మొదటిది" అన్న మీ మాట మాత్రం పోతుంది, దాని విలువ ఎంతో మీకే తెలుసు. లేదా చాలా ఇళ్లల్లో చేసే సర్దుబాటు ఉంది: పుట్టగానే తుడిచి, మొదట ఒంటికి తగిలించేది నాన్న తుండుగుడ్డ, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ అవే. బయలుదేరే ముందు, పాతది ముట్టిన ఒంటికి కొత్త జుబ్బా. నియమం సగమే నిలిచిందని అమ్మ గొణగవచ్చు. గొణుగుడే, గొడవ కాదు.

వీటిలో ఏది ఎంచుకున్నా, అమ్మకు ముందే చూపించడం నాకు మంచిదనిపిస్తుంది. ఇందులో నష్టం లేకపోలేదు. ఆమె ఏడవవచ్చు, కోప్పడవచ్చు, "మళ్లీ ఎందుకు కొన్నావు మ్మే" అని రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఎనిమిదో నెలలో మీకా ఒత్తిడి వద్దనుకుంటే ఇంకో మనిషి, పిన్నో మేనత్తో, ముందు చెవిన వేయవచ్చు. కానీ మీరే చూపిస్తే ఆ మేజోళ్లు ఏమయ్యాయో అడగగలుగుతారు. రెండేళ్లుగా ఆ ఇంట్లో ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు. అమ్మ వాటిని పారేసిందనే మీరు అనుకుంటున్నారు. అడిగితేనే తెలుస్తుంది.

చెప్పిన తర్వాత జుబ్బాను ఉతకండి, మెడ వెనక గుచ్చుకునే చీటీ కత్తిరించండి, సైజు చూడండి. "మూడు నెలలవరకు" అని రాసినవి రెండున్నర కిలోల బిడ్డకు మెడ దగ్గర వదులై ముక్కు మీదికి జారతాయి. ముందు కట్టుకునేదో, ప్రెస్ గుండీలదో అయితే సులువు. మెడకు దారాలు, పిన్నీసులు వద్దు. ఇంకో రెండు జతలు అదనంగా సంచిలో ఉండాలి, గంటన్నర దారిలో తప్పకుండా తడుపుతారు.

బయలుదేరే వేళ గురించి పెద్దవాళ్లు రాహుకాలం చూస్తారు, మీరు ఎండ చూడండి. బిల్లులు, కాగితాలు తేలేసరికి ఎటూ మధ్యాహ్నం అవుతుంది. అలాంటప్పుడు సాయంత్రం ఐదు దాటాక బయలుదేరతామని ముందే అనుకుంటే ఎవరితోనూ వాదన ఉండదు. కారు ఎండలో నిలబెట్టి ఉంటే ముందు తలుపులు తీసి చల్లబరచమనండి, ఏసీ గాలి బిడ్డ మీదికి నేరుగా రాకూడదు. బిడ్డ వెనక సీట్లోనే. దిష్టి తగులుతుందని ముఖం మీద గుడ్డ కప్పనివ్వకండి. కాటుకలో సీసం ఉండే ప్రమాదం ఉంది, కళ్లకు పెట్టొద్దు, చుక్క కావాలంటే అరికాలికి పెట్టమనండి. ఇక బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదనే మాట ఎవరన్నా అంటే వినకండి. మే నెల, పాలిచ్చే ఒళ్లు, నీళ్లు తాగాల్సిందే. మీకు కూడా పాలివ్వడానికి ముందు తెరుచుకునే వదులు నూలు నైటీ చాలు, కుట్లున్న పొట్ట మీద ఎవరి ముచ్చట కోసమూ పట్టుచీర కట్టకండి. బిడ్డ ఒళ్లు 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4, దాటినా, పాలు పట్టక మగతగా ఉన్నా, ఒళ్లు పచ్చబడుతున్నా, గుడ్డలు సర్దుతూ కూర్చోకుండా డాక్టరు దగ్గరికి.

మిగిలింది మీ ఆయన. "మీరు మీరు తేల్చుకోండి" అన్న మనిషికి నేను ఒక పని ఇస్తున్నాను, ఇది మీరు చేయలేనిది. పట్టు సంగతి అనంతపురం ఫోను చేసి వాళ్లమ్మతో ఆయనే మాట్లాడాలి. కోడలు వద్దంది అంటే ఒక అర్థం, కొడుకు అడిగాడు అంటే ఇంకో అర్థం. "అమ్మా, ఎండలో బిడ్డకు పట్టు పడదని డాక్టరమ్మ చెప్పింది, నవంబరులో అన్నప్రాసనకు నీ చేత్తోనే కట్టు, పెద్దది చేయించి పెట్టు" అంటే చాలు. "నీ కోడలు అంటోంది" అన్న మాట మధ్యలో రాకూడదని ముందే చెప్పి పెట్టండి. ఈ ఆదివారం ఎమ్మిగనూరు వస్తే అక్కడి నుంచే చేయించండి. ఫోను స్పీకర్‌లో పెట్టించకండి, మీరు పక్కగదిలో ఉండండి.